కథలు ఎక్కడి నుంచి వస్తాయి? ఒక కర్నూలు ఫాంటసీ రచయిత్రిని తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కర్నూలులో ఉంటాను. పత్తికొండ వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. పిల్లలకూ పెద్దలకూ ఫాంటసీ కథలు రాస్తాను. బడిలో పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, నా కథలు చదివినవాళ్లు, కొత్తగా రాయడం మొదలుపెట్టినవాళ్లు కొన్ని ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. వాటికి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను.

ఇలాంటి ఆలోచనలు మీకు ఎక్కడి నుంచి వస్తాయి?

ఎక్కువగా చెవిన పడ్డ మాటల నుంచి. రోజూ బస్సులో బడికి పోతాను. కూలికి పోయేవాళ్లు, సంతకు పోయేవాళ్లు, ఆస్పత్రికి పోయేవాళ్లు ఏదో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటారు. వ్యవసాయానికి కరెంటు రాత్రిపూట ఇచ్చే రోజుల్లో ఒకామె పక్కామెతో అంటోంది: "మా బోరు నడిరేయి దాటితే గానీ నీళ్లియ్యదు లేక్కా." ఆమెకు అది కష్టం. కరెంటు ఎప్పుడొస్తుందో, చీకట్లో మొగుడు టార్చిలైటు పట్టుకుని చేనికి పోతే గట్టు మీద ఏ పాము ఉంటుందోనని దిగులు.

ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఇంటికొచ్చాక మాటను ఉంచి, కారణాన్ని తీసేశాను. కరెంటు కోసం కాకపోతే ఆ బోరు నడిరేయి దాకా ఎవరి కోసం ఆగుతోంది? పగలు ఎవరి మీద అలిగింది? అక్కడ కథ మొదలైంది. అయితే పాము భయాన్ని మాత్రం అలాగే ఉంచాను. బోరు అలగడం కల్పన. చీకట్లో చేనికి పోయిన మనిషి కోసం గడపలో కూర్చునే ఆడమనిషి దిగులు కల్పన కాదు. అది పోతే కథలో ఇంకేమీ మిగలదు.

సీమ అంటే కరువు, కక్షలు. ఇక్కడ ఫాంటసీకి ఏముంది?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా బాధేస్తుంది. సీమను సినిమాల్లో మాత్రమే చూసినవాళ్లు అడుగుతారు కాబట్టి కోపం తెచ్చుకోను, కొంచెం వివరంగా చెబుతాను.

సంగమేశ్వరం పేరు విన్నారా? కృష్ణా, వేణి, తుంగ, భద్ర, భీమ, మలప్రభ, భవనాశి అని ఏడు నదులు కలిసే చోటుగా చెబుతారు. శ్రీశైలం ప్రాజెక్టు కట్టాక ఆ గుడి నీళ్లలోకి వెళ్లిపోయింది. ఏడాదిలో చాలా నెలలు గుడి నీటి అడుగునే ఉంటుంది. ఎండాకాలంలో జలాశయం తగ్గేకొద్దీ ముందు శిఖరం, తర్వాత గోడలు, ఆఖరున గర్భగుడి బయటపడతాయి. అప్పుడు బురద కడిగి పూజలు మొదలుపెడతారు. లోపల ఉన్నది రాతి లింగం కాదు, వేప మొద్దు. భీముడు కాశీకి పోయి లింగం తేవడం ఆలస్యమైతే ధర్మరాజు వేప చెట్టు మొద్దునే ప్రతిష్ఠించాడని కథ. మళ్లీ వరద వచ్చినప్పుడు నీళ్లు గుడిని చుట్టుముడుతుంటే పూజారి పడవలో పోయి శిఖరానికి హారతి ఇచ్చి వస్తాడు.

నీళ్లలో మునిగే గుడి, కుళ్లిపోని కొయ్య దేవుడు, పడవలోంచి హారతి. ఇందులో నేను కల్పించింది ఒక్క ముక్క లేదు. కర్నూలు నుంచి పొద్దున పోతే సాయంత్రానికి చూసి రావచ్చు. ఇలాంటి చోట పుట్టి పెరిగినవాళ్లు కథల కోసం మంచు కొండల వైపు, ఎవరివో డ్రాగన్ల వైపు ఎందుకు చూడాలి?

నేను గమనించింది ఒకటి ఉంది. సీమలో విలువైనవన్నీ దాగి ఉంటాయి. నీళ్లు నేల అడుగున ఉన్నాయి. వజ్రాలు ఎర్రమట్టిలో ఉన్నాయి. బెలూం గుహలు చదునైన పొలాల కింద ఉన్నాయి. గుడి నది కింద ఉంది. అందుకే మా కథల్లో రాజకుమారుడు యుద్ధం గెలవడం కంటే ఎవరో ఒకరు వెతకడం, ఎదురుచూడడం ఎక్కువ. అనంతపురం వైపు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. అక్కడి రైతు ఆకాశం వైపు చూసే చూపులో ఉన్న ఓపిక ఏ కథానాయకుడికీ తక్కువది కాదు. నేను రాసే ఫాంటసీ మొత్తం ఆ చూపు చుట్టూనే తిరుగుతుంది.

వజ్రాల వేట మీ కథల్లో తరచూ కనిపిస్తుంది. అది నిజమేనా?

నిజమే. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి, ఎర్రగుడి, ఇటు వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో జనం వంగి నడుస్తూ కనిపిస్తారు. వాన మట్టిని కడిగి రాళ్లను పైకి తేలుస్తుంది కాబట్టి ఆ రోజుల్లోనే వెతకాలి. పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా వస్తారు. సద్దిమూట కట్టుకుని, చెట్ల కింద పడుకుని, తెల్లారుతూనే మళ్లీ చేలల్లోకి దిగుతారు.

దగ్గరికి పోయి చూడండి. ఎవరూ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడరు. చూపు నేల మీదే. ఎండ ఏటవాలుగా పడేటప్పుడు మెరుపు బాగా తెలుస్తుందని పొద్దుటి పూట, సాయంత్రం పూట ఎక్కువ తిరుగుతారు. ఒక ముసలామె గాజుపెంకు లాంటి ముక్కను తీసి, చీర కొంగుతో తుడిచి, సూర్యుడికి అడ్డం పెట్టి చూసి, పారేయకుండా బొడ్లో దోపుకుంది. "అది రాయి కాదు కదవ్వా?" అన్నాను. "కాదని ఎవరు చెప్పినారు?" అంది. ఆ జవాబు మీద నేను ఒక నవలే రాశాను.

మా బడి పిల్లల్లో కొందరు ఆ రోజుల్లో బడి మానేసి అమ్మానాన్నల వెంట పోతారు. టీచరుగా అది నాకు కష్టమే. ఇంటికి పోయి మాట్లాడతాను, పిల్లలను పంపమని బతిమాలతాను. కానీ ఆ పిల్లలు తిరిగొచ్చాక చెప్పే కబుర్లు కూడా వింటాను. రెండూ చేయాలి.

పిల్లల ఆలోచనలను మీ కథల్లో వాడుకుంటారా?

అడిగి వాడుకుంటాను. ఏ కథలో ఏ పిల్లవాడి ఊహ ఉందో వాడికి ముందే చెబుతాను, అచ్చయ్యాక పుస్తకం ఇస్తాను. వాడు వద్దంటే వాడుకోను. పిల్లల ఊహ ఎవరైనా కోసుకోగలిగిన పరిగె కాదు, వాళ్ల సొంత ఆస్తి.

క్లాసులో నేను చేయించే పని ఒకటుంది. "అంతా నిజం, ఒక్కటి తప్ప" అని బోర్డు మీద రాస్తాను. మీ ఊరి గురించి ఒక పేజీ రాయండి, అందులో ఒకే ఒక్క విషయం మాత్రం మారాలి, మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు ఉండాలి అంటాను. మొదట్లో అందరూ ఎగిరే మనుషులను, బంగారు కొండలను రాస్తారు. అది మామూలే. రెండు మూడు సార్లయ్యాక చుట్టూ చూడడం మొదలుపెడతారు. ఒక అమ్మాయి వాళ్ల వీధి బోరింగు గురించి రాసింది. అందులో నీళ్ల బదులు మాటలు వస్తాయి, అంతకుముందు ఆ బోరింగు కొట్టినవాళ్లందరి మాటలు. చనిపోయిన జేజి గొంతు వినడానికి ఆ పిల్ల రోజూ బిందె పట్టుకుని పోతుంది. బిందె ఇంటికి తెచ్చేసరికి ఖాళీగా ఉంటుంది, అమ్మ తిడుతుంది. కథ అంతే. నాకు నోట మాట రాలేదు.

ఇంకొకటి చెప్పాలి. మా వైపు పల్లెల నుంచి చాలా కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి ఇంటికి తాళం వేసి, పిల్లలను వెంటబెట్టుకుని, కొన్ని నెలలు అక్కడే ఉంటారు. ఆ నెలల్లో క్లాసులో బెంచీలు ఖాళీ అవుతాయి. అలా పోయి తిరిగొచ్చిన ఒక పిల్లవాడు రాశాడు: సుగ్గికి పోయేవాళ్లు నీడలను ఇంట్లోనే వదిలి పోవాలి, తాళం వేసిన ఇంటికి అవే కాపలా. నీడ లేకుండా పరాయి ఊర్లో పని చేసేవాళ్లను అక్కడివాళ్లు గుర్తుపట్టేస్తారు. ఇంటికి తిరిగొచ్చిన రోజు నీడ వాళ్లను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పడుతుంది.

తొమ్మిదో తరగతి పిల్లవాడు. వలస గురించి నేను చదివిన వ్యాసాలేవీ నాకు ఆ కొంచెం సేపును చూపించలేదు. ఆ ఊహను నేను వాడుకోలేదు. అది వాడే పెద్దయ్యాక రాయాలని చెప్పి, ఆ కాగితం వాడికే తిరిగి ఇచ్చి, జాగ్రత్తగా దాచుకోమన్నాను.

మాయకు నియమాలు ఉండాలా?

తప్పకుండా ఉండాలి. ఏదైనా జరగొచ్చు అంటే చదివేవాళ్లకు టెన్షన్ ఉండదు.

నియమాలను కూడా చుట్టుపక్కల జీవితం నుంచే తీసుకుంటాను. బోరు వేయించే ముందు మా ఊళ్లలో నీళ్లు చూసేవాళ్లను పిలిపిస్తారు. కొబ్బరికాయను అరచేతిలో పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తారు. నీళ్లున్న చోట కాయ నిలువుగా లేస్తుందని నమ్మకం. కొందరు వేపపుల్ల పట్టుకుంటారు. వాళ్లు చూపించిన చోట గుర్తుగా రాయి పెట్టి, బోరు బండి తెప్పిస్తారు. బండి తిరుగుతున్నంతసేపు ఇంటిల్లిపాది అక్కడే నిలబడి ఉంటారు. పొడి దుమ్ము వస్తుంటే ఆ మొహాలు చూడలేం. తడి మట్టి కనబడితే ఎవరో ఒకరు ఏడుస్తారు. ఒకటి ఎండిపోతే ఇంకొకటి, అది పోతే ఇంకొకటి అంటూ అప్పులపాలైన కుటుంబాలు నాకు బాగా తెలుసు.

దీన్ని కథలోకి తెచ్చినప్పుడు ఒక్క నియమం పెట్టాను: నీళ్లు చూపించినవాడు ఆ నీళ్లు తాగకూడదు. అంతే. ఆ ఒక్కదానితో మిగతా ప్రపంచమంతా తయారైంది. వాడికి నీళ్లు ఎవరిస్తారు? వాడు ఎంత దూరం నడవాలి? సొంత ఊరికి నీళ్లు చూపిస్తే సొంత ఊరు వదిలిపోవాలి కదా? మంచి నియమం అంటే దానికి తగ్గ ఖరీదు ఎవరో ఒకరు చెల్లించాలి. ఆ ఖరీదు ఎవరు కడుతున్నారో మనకు తెలిస్తే కథ దానంతటదే నడుస్తుంది.

బెలూం గుహలకు ఎందుకు అన్నిసార్లు పోతారు?

అక్కడ చీకటిని నేర్చుకోవచ్చు కాబట్టి. కొలిమిగుండ్ల దగ్గర పొలాల మధ్య నేల మీద బావుల్లాంటి గుంతలు కనిపిస్తాయి. కింద ఏముందో పైనుంచి ఊహకందదు. మెట్లు దిగితే 3,229 మీటర్ల పొడవున గుహలు. అందులో దాదాపు ఒకటిన్నర కిలోమీటరు మనం తిరగొచ్చు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. 1980ల మొదట్లో జర్మన్ బృందం వచ్చి కొలతలు తీసింది. జనం చూడడానికి తెరిచింది 2002లో.

గుహలంటే చల్లగా ఉంటాయని రాస్తుంటారు. బెలూం లోపల ఉక్క. కొంచెం దూరం పోయేసరికి చొక్కా వీపుకు అతుక్కుంటుంది. కళ్లద్దాలు మసకబారతాయి. గోడలు తాకితే నున్నగా, ఎవరో చేత్తో మెత్తినట్టు ఉంటాయి, ఎందుకంటే అవన్నీ ఒకప్పుడు పారిన నీళ్లు కోసిన దారులు. అన్నిటికంటే కింద, దాదాపు 46 మీటర్ల లోతున పాతాళగంగ. సన్నటి నీటి పాయ అలా కనిపించి బండల్లోకి మాయమైపోతుంది. అది పోయి బెలూం ఊరి బావిలో కలుస్తుందని అక్కడివాళ్లు అంటారు.

రాసేవాళ్లకు నా సలహా: గుహ గురించి రాయాలంటే గుహకు పోయి, ఫోటోలు తీయకుండా, ఒళ్లు ఏమంటోందో చూసుకోండి. "భయంకరమైన చీకటి" అని రాస్తే ఎవరికీ ఏమీ కనబడదు. కళ్లద్దాల మీద ఆవిరి గురించి రాస్తే చదివేవాడూ మీతోపాటు దిగుతాడు.

జనం నమ్మకాలను, స్థలపురాణాలను కథకు వాడుకోవడం తప్పు కాదా?

ఎలా వాడుకుంటామన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను పెట్టుకున్న హద్దు ఇది: జనం దండం పెట్టుకునే దేవుణ్ణి పాత్రగా చేయను. యాగంటి బసవన్న గురించి మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ వింటున్నాం. రోజురోజుకూ పెరుగుతున్నాడని, ఒకప్పుడు చుట్టూ తిరిగేంత చోటుండేదని, కలియుగాంతాన లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారు చెప్పారని. ఆ బసవన్నను నేను లేపను. కానీ రాయి పెరుగుతుందని నమ్మి, దాని చుట్టూ జరిగి చోటు ఇచ్చే మనుషుల గురించి రాస్తాను.

కడప జిల్లాలో వేంపల్లె దగ్గర గండి క్షేత్రం ఉంది. పాపాఘ్ని రెండు కొండల మధ్యగా పారే చోటు. రాముడికి స్వాగతంగా వాయుదేవుడు ఆ కొండలకు అడ్డంగా బంగారు తోరణం కట్టాడని, మరణం దగ్గరపడ్డ పుణ్యాత్ములకు మాత్రమే అది కనబడుతుందని చెబుతారు. కంపెనీ కాలపు ఆంగ్లేయ అధికారి థామస్ మన్రో ఈ దారిన పోతూ "ఆ తోరణం ఎవరు కట్టారు?" అని అడిగాడట. వెంట ఉన్నవాళ్లకు కొండలు, ఆకాశం తప్ప ఏమీ కనబడలేదట. మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఈ కథ చెప్పేటప్పుడు అందరూ మన్రో గురించే మాట్లాడతారు. నా మనసు వెంట ఉన్నవాళ్ల దగ్గర ఆగిపోతుంది. వాళ్లకు విషయం అర్థమైపోయింది, ఆయనకు తెలియదు. ఆ రాత్రి ఆయనకు అన్నం ఎలా వడ్డించి ఉంటారు? గుర్రానికి జీను వేసేటప్పుడు ఏం మాట్లాడుకుని ఉంటారు? నేను రాయాలనుకునేది ఆ రాత్రి గురించి. వింత చూసినవాడి కంటే, వాడి పక్కన నిలబడ్డవాడి దగ్గరే కథ ఎక్కువ ఉంటుంది.

ఇంకో మాట. నమ్మేవాళ్లను ఎగతాళి చేసే కథ రాయకండి. ఉగాది నాడు దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లిములు బీబీ నాంచారమ్మ పుట్టింటివాళ్లుగా కానుకలు తెస్తారు. గూగూడులో పీర్ల పండుగకు అన్ని కులాలవాళ్లు కుళ్లాయస్వామికి మొక్కుకుంటారు. ఇలాంటి చోట్ల కలం జాగ్రత్తగా కదలాలి. ముందు కూర్చుని వినాలి.

ఫాంటసీ రాసేవాళ్లు సైన్స్ చదవాలా?

చదవాలి. నాకు కలివికోడి కథ చాలు ఈ మాట చెప్పడానికి. 1848లో జెర్డన్ అనే ఆయన ఈ పక్షి గురించి రాశాడు. 1900 తర్వాత శాస్త్రవేత్తలకెవరికీ కనబడలేదు. జాతి అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. రాత్రిపూట మాత్రమే తిరిగే పక్షి. దాన్ని పట్టింది అక్కడి వేటగాళ్లే. ప్రపంచం లేదనుకున్న పక్షికి మా ఊళ్లలో పేరు ఉండనే ఉంది. దాని కోసం లంకమల అభయారణ్యం ఏర్పాటు చేశారు, తర్వాత తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. ముళ్లపొదల్లో తిరిగే చిన్న పక్షి కోసం కాలువ వంగి పోయింది! ఏ రాజు కథలో కూడా ఇంతకంటే పెద్ద గౌరవం నేను చదవలేదు.

బనగానపల్లె దగ్గర జ్వాలాపురం ఇంకొకటి. దాదాపు 74,000 ఏళ్ల కింద సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరిన బూడిద జుర్రేరు లోయలో పొరగా ఉంది. ఆ బూడిద కిందా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. ఆకాశం నుంచి బూడిద రాలినప్పుడు ఈ లోయలో ఎవరో ఉన్నారు. ఏమనుకుని ఉంటారో ఊహించండి.

తెలుగులో ఫాంటసీ సంప్రదాయం ఉందా? ఇది ఇంగ్లీషు నుంచి వచ్చింది కదా?

పేరు అక్కడిది, పని మనది. 16వ శతాబ్దంలో పింగళి సూరన తన కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో చెప్పిన కథ భూమ్మీద నిజంగా జరగడం అందులో విషయం. చెప్పిన కథ ప్రాణం పోసుకోవడం అన్నది మా నంద్యాల రాజుల కాలం నాటికే కావ్యమైంది. 1947లో చందమామ మొదలుపెట్టిన బి.నాగిరెడ్డి కడప జిల్లాలో పుట్టినవారే. మనం కొత్తగా మొదలుపెట్టడం లేదు, కొనసాగిస్తున్నాం.

ఏమీ తోచనప్పుడు ఏం చేస్తారు?

రాయడం ఆపేసి కైఫీయత్తులు చదువుతాను. 1800 తర్వాత ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి, కరణాలను అడిగి, ఆ ఊరి చరిత్ర రాయించుకుపోయారు. కడపలో సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వాళ్లు కడప జిల్లా కైఫీయత్తులను అచ్చువేశారు. అడవి ఎవరు కొట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ మాన్యం ఎవరికి పోయింది, ఏ దేవత ఎవరి కలలో కనబడింది, అన్నీ ఒకే గొంతుతో చెప్పుకుంటూ పోతారు. పన్ను లెక్కకూ దేవత కలకూ మధ్య తేడా చూపించరు. ఫాంటసీ రాసేవాళ్లకు అంతకంటే మంచి పాఠం లేదు. వింతను చెప్పేటప్పుడు గొంతు పెంచకూడదు.

అది కూడా పని చేయకపోతే ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు పోతాను. తోలుబొమ్మల కళాకారుల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును శుభ్రం చేసి, ఆరబెట్టి, పలచగా చేసి, బొమ్మ గీసి, ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొడతారు. రంగులు తర్వాత. ఆ రంధ్రాలు పగలు చూస్తే లెక్కలోకి రావు. వెనక దీపం పెట్టగానే రావణుడి నగలన్నీ అవే. ఎక్కడ వెలుతురు పోనివ్వాలో, ఎక్కడ ఆపాలో ముందే తెలిసిన చేతులవి. అక్కడ కాసేపు కూర్చుంటే నా పేజీలో ఎక్కడ ఎక్కువ చెప్పేశానో నాకే తెలిసిపోతుంది.

రోజూ ఎప్పుడు రాస్తారు?

తెల్లవారుజామున, ఇంట్లో అందరూ లేచే లోపల. సెలవుల్లో మధ్యాహ్నం కూడా. ఇందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

మీ కథల్లో వరద ఎందుకు అంత భయంకరంగా ఉంటుంది?

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగిపోయింది. చుక్క నీటి కోసం ఏడాదంతా చూసే ఊరు నీళ్లలోనే మునిగింది. నీళ్లు తీసిన తర్వాత గోడల మీద మిగిలిన బురద గీత నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. ఎంత తుడిచినా, సున్నం వేసినా, తడి ఆరగానే మళ్లీ పైకి తేలేది. పుస్తకాలు మిద్దె మీద ఆరబెట్టాం. పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి విడదీస్తే చిరిగిపోయేవి. కొన్ని కథలకు ముగింపులు లేకుండానే పోయాయి. అందుకే నేను వరదను అందంగా రాయలేను, రాయను కూడా.

మాండలికంలో రాస్తారా, మామూలు భాషలోనా?

కథనం మామూలు భాషలో, మాటలు మా వైపు మాటల్లో. రాక్షసుడైనా సరే, పత్తికొండలో పుట్టినవాడు పత్తికొండ మనిషిలాగే మాట్లాడాలి. పాత నాటకాల్లోలాగా "ఓయీ!" అంటే పిల్లలు పుస్తకం మూసేస్తారు.

మా పాప ఎప్పుడూ కథలు రాస్తూ ఉంటుంది. మార్కులు తగ్గవా మేడం?

తల్లిదండ్రులు అడిగే ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. పదో తరగతి టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ పిల్లలకు సంక్రాంతి తర్వాత కథలు రాసే పని పెట్టను. కానీ కింది తరగతుల్లో రాయనివ్వండి. ఒక పేజీ సొంతంగా రాయగలిగిన పిల్ల సాంఘిక శాస్త్రంలో జవాబును బట్టీ పట్టకుండా రాయగలదు, ఇది నా క్లాసులోనే చూస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఇంట్లో చెప్పుకోలేనిది పిల్లలు కథలో చెబుతారు. రాక్షసుడు రోజూ రాత్రి తాగి వస్తాడని ఒక పాప రాస్తే, అది కథ అని ఊరుకోకూడదు. ఆ పాపతో మెల్లగా మాట్లాడాలి.

కొత్తగా రాసేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

పటాలు గీయడం, రాజవంశాల జాబితాలు, కొత్త లిపులు తయారు చేయడం తర్వాత పెట్టుకోండి. లిపి మీద అంత ఇష్టముంటే ముందు ఎర్రగుడికి పోయి అశోకుడి శాసనం చూడండి. అక్కడి బ్రాహ్మీ లిపిలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, తర్వాతివి కుడి నుంచి ఎడమకు, చేను దున్నే ఎద్దుల్లాగా తిరిగి వస్తాయి. ఊహించినదాని కంటే ఉన్నదే చాలాసార్లు వింతగా ఉంటుంది.

మీ వీధిలో ఎక్కువ కాలం బతికిన మనిషి దగ్గర కూర్చోండి. "మీ చిన్నప్పుడు ఈ ఊర్లో ఎక్కడికి పోవద్దనేవాళ్లు?" అని అడగండి. కథలు చెప్పమంటే ఎవరూ చెప్పరు, సిగ్గుపడతారు. పోవద్దన్న చోటు గురించి అడిగితే మాత్రం అందరూ చెబుతారు. ఏ బావి దగ్గరికి, ఏ చింతచెట్టు కిందికి, ఏ వంక దాటి. ఎందుకు పోవద్దన్నారో అడగండి. వాళ్లు చెప్పే కారణం రాసుకోండి. ఆ తర్వాత ఆ చోటుకు పగటిపూట ఒకసారి పోయి రండి.

నా కథ పంపితే చదువుతారా?

చదువుతాను, కానీ వేసవి సెలవుల్లోనే. పది పేజీలు మించకుండా పంపండి. చేత్తో రాసినా పర్వాలేదు, అక్షరం అర్థమైతే చాలు. బడి పిల్లల కథలు ముందు చదువుతాను, పెద్దవాళ్లవి తర్వాత. ఏడు భాగాల నవలకు సంక్షిప్తం పంపకండి, ఒక సన్నివేశం పూర్తిగా పంపండి. అందులో ఎవరు ఏం కోరుకుంటున్నారో, అది దొరకాలంటే వాళ్లు ఏం వదులుకోవాలో నాకు తెలియాలి. ఆగస్టు దాకా బదులు రాకపోతే ఒకసారి గుర్తు చేయండి, ఏమీ అనుకోను.